ఏసీఎల్ శస్త్రచికిత్స తర్వాత మళ్లీ కూతకు

జిల్లా స్థాయి కబడ్డీలో రైడర్‌గా ఆడుతున్న నాకు, కూతకు వెళ్లి వెనుదిరిగే క్షణంలో పాదం మ్యాట్‌పై పట్టేసి మోకాలు మెలితిరగడంతో మోకాలి లోపల ఎముకలను కలిపి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంటు (బంధనం) పూర్తిగా తెగిపోయింది. మళ్లీ ఆడాలన్న కోరిక ఉంది కనుక ఆపరేషన్‌కు ఒప్పుకున్నాను. తొడ వెనుక ఉండే హామ్‌స్ట్రింగ్ కండరపు టెండన్‌ను (కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి భాగాన్ని) తీసి, చిన్న రంధ్రాల గుండా కెమెరాతో చేసే ఆర్త్రోస్కోపీ ద్వారా తెగిన లిగమెంటు స్థానంలో అమర్చారు.

మొదటి వారాల్లో చూడవచ్చిన వారందరూ మోకాలు ఎంత వంగుతోందని అడిగేవారు. ఫిజియోథెరపిస్టు మాత్రం కాలు పూర్తిగా చాపగలుగుతున్నానా లేదా అన్నదే చూసేవారు, ఎందుకంటే ఆ చాపు తొలి దశలోనే రాకపోతే కుంటి నడక మిగిలిపోయే ప్రమాదం ఉంది. మడమ కింద తువ్వాలు చుట్టి పెట్టుకుని, ముందుతొడ కండరాన్ని బిగించి మోకాలిని కిందికి నొక్కడం అప్పటి ముఖ్యమైన వ్యాయామం. నిజానికి ఆపరేషన్ నొప్పికన్నా కొద్ది రోజుల్లోనే సన్నబడిపోయిన ఆ తొడను చూడడమే నాకు ఎక్కువ కష్టమనిపించింది.

అసలు ఇబ్బంది నొప్పి తగ్గాక మొదలైంది. కొత్తగా అమర్చిన టెండన్‌లో రక్తనాళాలు ఏర్పడి, అది క్రమంగా లిగమెంటుగా మారే తొలి నెలల్లో, పెట్టిన రోజుకన్నా బలహీనంగా ఉంటుంది. కాలేమో మెట్లెక్కుతూ, సైకిలు తొక్కుతూ బాగైపోయానని చెబుతుంది. 2022 సెప్టెంబరులో మోకాలికి శస్త్రచికిత్స చేయించుకున్న క్రికెటర్ రవీంద్ర జడేజా 2023 జనవరిలోనే రంజీ ఆడాడు కదా అని మా బాబాయి అడిగేవాడు. మోకాలి ఆపరేషన్లన్నీ ఒకటి కావని ఆయనకు నచ్చజెప్పలేకపోయాను. తొమ్మిదో నెల వరకు ఆటను వాయిదా వేసిన ఒక్కో నెలకూ మళ్లీ గాయపడే అవకాశం దాదాపు సగానికి తగ్గిందని 2016లో వెలువడిన డెలావేర్-ఓస్లో అధ్యయనం తేల్చిందని ఫిజియో చెప్పాక నాకు మాత్రం తొందర తగ్గింది.

నెలలు గడిచినంత మాత్రాన అనుమతి రాలేదు. ముందుతొడ బలం రెండో కాలితో పోలిస్తే కనీసం 90 శాతం ఉండాలి, ఒంటికాలి గెంతుల్లోనూ అంతే. ఇందులో ఒక మెలిక ఉంది: విశ్రాంతిలో మంచి కాలు కూడా బలం కోల్పోతుంది కనుక, ఆ శాతం ఉన్నదానికన్నా మెరుగ్గా కనిపించవచ్చు. అందుకే ఫిజియో గెంతు దూరంతోపాటు దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలుతోందా అని కూడా వీడియో తీసి చూసేవారు.

ఆటలోకి కూడా అంచెలంచెలుగానే దిగాను. మొదట ఎవరూ తాకకుండా పాదాల కదలికలు, తర్వాత బోనస్ గీత దాకా కూత, ఆపై ఒక్క డిఫెండరుతో సాధన. చీలమండ పట్టును అన్నిటికన్నా చివర అనుమతించారు. పట్టు పడగానే కాలు వెనక్కి లాక్కోవాలన్న భయం ఇంకా పూర్తిగా పోలేదు కాబట్టి, ప్రస్తుతం మ్యాచ్‌లో ఒక సగం మాత్రమే ఆడుతున్నాను.