అత్త దాచిన గ్రీటింగ్ కార్డులు

తిరుపతిలో మా అత్తవాళ్ల ఇల్లు సర్దుతుంటే బీరువా మీది అట్టపెట్టెలో పాత గ్రీటింగ్ కార్డులు దొరికాయి. సంక్రాంతివి, న్యూ ఇయర్‌వి, క్రిస్మస్‌వి అన్నీ కలిపే దాచింది. ఒకదాని మీద పొంగుతున్న పాలకుండ, పక్కన చెరకు గడలు. కుండ అంచున బంగారు రంగు ఉబ్బెత్తుగా అచ్చు వేశారు, వేలితో తడిమితే ఇప్పటికీ తెలుస్తోంది. ఎంత శ్రద్ధగా చేశారో!

అమ్మకానికి వచ్చిన మొదటి క్రిస్మస్ కార్డును 1843లో లండన్‌లో హెన్రీ కోల్ వేయించాడు. అందరికీ ఉత్తరాలు రాసే తీరిక లేక చేసిన పని అది. మన ఇళ్లలో మాత్రం అచ్చు మాటల కింద 'పిల్లలకు ఆశీస్సులు' అని చేత్తో రాయకపోతే ఒప్పుకునేవాళ్లు కాదు.

కవరు అంటించకుండా, అచ్చు కాగితాలకు ఉండే బుక్ పోస్టులో వేస్తే స్టాంపు ఖర్చు తగ్గేది.

వచ్చిన కార్డుకు బదులుగా తనూ ఒకటి పంపాక, దాని వెనకాల అత్త టిక్కు పెట్టుకుంది. మాటలు లేని బంధువుల కార్డులకూ ఆ టిక్కు ఉంది. ఎదురుపడి పలకరించలేనివాళ్లు కూడా పండక్కి కార్డు ఆపలేదన్నమాట. ఫోన్‌లో ఫార్వర్డ్ చేసే బొమ్మకు అంత బరువు లేదు.

ఈ సంక్రాంతికి నేనూ కార్డులే పంపుతున్నాను. అడ్రసు, పిన్‌కోడ్ ఇన్‌బాక్స్‌లో పెట్టండి.