ఫోన్సవాన్ రాతి బానల మధ్య

లావోస్‌లోని షియెంగ్ ఖువాంగ్ పీఠభూమిపై, ఫోన్సవాన్ పట్టణానికి చేరువలో ఉన్న రాతి బానల మైదానంలో, ఏమి చూడాలన్నదానికంటే ముందు ఎక్కడ అడుగు వేయాలన్నది తెలుసుకోవలసి వచ్చింది. దారి పొడవునా నేలలో పాతిన చిన్న పలకలకు ఒకవైపు తెలుపు, మరొకవైపు ఎరుపు రంగు ఉన్నాయి. తెలుపు వైపున భూమి లోపల కూడా శోధించి పేలని బాంబులను తొలగించారనీ, ఎరుపు వైపున పైపైన మాత్రమే వెదికారనీ వాటి అర్థం. 1964 నుంచి 1973 వరకు అమెరికా ఈ దేశంపై 20 లక్షల టన్నులకు పైగా బాంబులు కురిపించింది.

మొదటి స్థలంలో 300కు పైగా బానలున్నాయి. ఒక్కొక్కటీ ఒకే రాతిని తొలిచి చేసినది. కొన్నింటిలో నేను నిలబడితే తల కూడా బయటికి కనిపించదు. వాటి పక్కనే గడ్డి మొలిచిన బాంబు గుంతలున్నాయి. 1930లలో ఇక్కడ తవ్వకాలు జరిపిన ఫ్రెంచి పరిశోధకురాలు మడలేన్ కొలాని, సమీపంలోని గుహలో కాలిన ఎముకలను గుర్తించి, ఇవి అంత్యక్రియలకు సంబంధించినవని నిర్ధారించారు. స్థానికుల కథ వేరు: యుద్ధంలో గెలిచిన రాక్షసజాతి రాజు బియ్యపు సారా కాయించి నిల్వచేసిన పాత్రలట ఇవి. మన పల్లెల్లో బృహత్ శిలాయుగపు సమాధులను రాకాసి గుళ్ళంటారు కనుక, ఆ కథ నాకు పరాయిదిగా తోచలేదు.

యునెస్కో 2019లో ఈ మైదానాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఒక బానలో నిలిచిన వాననీటిని ఫొటో తీయబోయి, పలక ఎరుపు వైపు నాకు కనిపించగానే వెనక్కి తగ్గాను.