గాలం వేసుకోవడానికి మూడు నెలలు తిరిగాను: నా అనుభవం

నిన్న సాయంత్రం నా గాలం రాడ్డు నాకు తిరిగొచ్చింది. లైసెన్స్ కాగితం మాత్రం ఇంకా రాలేదు, వస్తుందన్న ఆశ కూడా పెద్దగా లేదు. కోపం చల్లారితే సగం మర్చిపోతాను కాబట్టి ఇప్పుడే రాస్తున్నా.

మాది నల్గొండ, ఎలక్ట్రికల్ షాపు. పదకొండేళ్లుగా నాకు గాలం పిచ్చి. ఆదివారం తెల్లవారుజామున బండి తీసి దేవరకొండ దాటి చందంపేట వైపు, సాగర్ వెనక నీళ్ల దగ్గరికి పోతాను. రబ్బరు కప్ప వేసి కొర్రమీను కోసం, లోతున్న చోట వాలుగ కోసం చూస్తాను. మొదట్లో పొద్దెక్కేలోపు నాలుగైదు చేపలు తగిలేవి. ఇప్పుడు సాయంత్రం దాకా కూర్చున్నా జిలేబీ చేపలు తప్ప ఏమీ రావు.

ఏప్రిల్‌లో ఒక పొద్దున ఇద్దరు పుట్టి వేసుకొని వచ్చారు. "ఇది మత్స్యకారుల సొసైటీ నీళ్లు. లైసెన్స్ ఉందా?" అన్నారు. లేదన్నాను. చేతిలోని రాడ్డు లాక్కొని పోయారు. రీలుతో కలిపి ఆరున్నర వేల రూపాయల రాడ్డు! నా మంట రాడ్డు గురించి మాత్రమే కాదు. ఆ మూల తిరిగితే రాత్రి అలివి వల, అంటే పిల్లచేపను కూడా వదలని సన్నకన్ను వల, లాగిన జాడలు ఉన్నాయి, ఒడ్డు పొడవునా వేలెడంత చేపలు ఎండబోసి ఉన్నాయి. వాళ్లను అడిగే దిక్కు లేదు, ఒక్క గాలం పట్టుకున్న నేను దొంగనా? ఆ రోజే అనుకున్నాను, లైసెన్స్ తెచ్చి చూపించాలని, అలివి మీద ఫిర్యాదు కూడా చేయాలని.

ఆధార్ జిరాక్స్, రెండు ఫొటోలు, తెల్లకాగితం మీద అర్జీ. సోమవారం ప్రజావాణిలో ఇచ్చాను, పది నిమిషాల్లో రసీదు ఇచ్చారు. అక్కడిదాకా నాకు పేరు పెట్టాల్సింది ఏమీ లేదు.

అర్జీ పోయి చేరిన ఆఫీసు ఏదో రాయను, తిరిగినవాళ్లకు తెలుసు. "గాలానికి లైసెన్సా? ఆట కోసమా?" అని గుమస్తా పక్క సీటాయనను పిలిచి మరీ నవ్వాడు. నాలుగుసార్లు పోయాను. సార్ మీటింగ్‌లో ఉన్నాడు, సార్ చేపపిల్లల పని మీద ఉన్నాడు, సార్ ఇప్పుడే లేచాడు. ఒకాయన మాత్రం ఇక్కడి చేపల చట్టం ఫసలీ 1357 నాటిదని చెప్పాడు. ఫసలీ 1357 అంటే 1947-48, నిజాం పాలన చివరి రోజులు. అందులో గాలం గురించి ఏముందో చూపించమంటే బీరువా తాళం ఎవరి దగ్గరుందో తెలియదన్నాడు. చివరికి పది రూపాయలు కట్టి సమాచార హక్కు కింద అడిగాను. ముప్పై రోజుల గడువు కదా, ఇరవై తొమ్మిదో రోజున ఒక్క వాక్యం జవాబు వచ్చింది: "సంబంధిత మత్స్య సహకార సంఘాన్ని సంప్రదించగలరు." ఆ ముక్క మొదటి రోజే నోటితో చెబితే అరిగిపోయేవారా?

కాబట్టి మీరు ముందే సొసైటీకి వెళ్లండి. చేపపిల్లలు వదిలే సీజన్‌లో ఆఫీసుల వైపు చూడకండి. ఇంకోటి, మిలిటరీ రంగు టోపీ పెట్టుకొని మాత్రం పోకండి. ఎందుకో చెప్తాను.

సొసైటీ మీటింగ్ రేవు దగ్గర వేపచెట్టు కింద జరిగింది. ముప్పై మంది దాకా ఉన్నారు. నాకు ప్లాస్టిక్ కుర్చీ వేశారు. కాలేజీలో వక్తృత్వ పోటీల్లో ప్రైజులు కొట్టినవాణ్ణి, నిలబడే మాట్లాడాను. అలివి వల కన్ను దోమతెరంత ఉంటుందని, పదుల మంది కలిసి లాగితే వేలెడు పిల్ల కూడా తప్పించుకోదని చెప్పాను. బొచ్చె, రవ్వ నిలవ నీళ్లలో గుడ్లు పెట్టవు, వాటికి పారే నీళ్లు కావాలి. అందుకే 2016 నుంచి ప్రభుత్వం ఉచితంగా పిల్లలను వదులుతోంది. పెద్ద నీళ్లలో వేసేవి 80 నుంచి 100 మిల్లీమీటర్లు ఉంటాయి, సరిగ్గా అవే అలివిలో పడి ఎండుచేపలవుతున్నాయని చెప్పాను. సముద్రంలోనే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట ఆపుతారు, మనకేం రోగమని, నాదేమో ఒక్క గాలం, ఒక్క చేపేనని కూడా అన్నాను. చప్పట్లు వస్తాయనుకున్నాను.

ప్రెసిడెంట్ కుర్రాడే. "అలివి సంగతి మాకు చెప్తున్నవా సారూ? మేం రాత్రిళ్లు కాపలా పండుకొని, వలలు పట్టుకొచ్చి కాలబెట్టినోళ్లం" అన్నాడు. తర్వాత పక్కనున్న పిల్లగాడితో, "తాతకు ఆ ఫొటో చూపియ్‌రా" అన్నాడు.

అది నా ఫొటోనే. పోయిన ఆగస్టులో నేనే పెట్టుకున్నది. మిలిటరీ టోపీ, చేతిలో మూడు కిలోల కొర్రమీను, ముప్పై రెండు పళ్లూ కనిపించే నవ్వు. కింద "పట్టాను, వదిలేశాను" అని రాసుకున్నాను. ఆ పెద్దాయనకు డెబ్బై దాటి ఉంటాయి. ఫోన్ కళ్లకు దూరంగా పెట్టుకొని, రెండు వేళ్లతో ఫొటోను పెద్దది చేశాడు. నా మోకాలి పక్కన నీళ్ల మీద ఎర్రగా, అరచేతి వెడల్పున ఏదో మరక.

"ఇదేంది సారూ?"

"పాచి కావచ్చు తాతా."

ముప్పై మందీ నవ్వారు. ఆయన నవ్వలేదు.

అది పాచి కాదని నాకు తెలుసు. కొర్రమీను పిల్లలు ఎర్రగా గుంపు కట్టి పైకీ కిందికీ ఆడుతుంటాయి, తల్లీ తండ్రీ కిందనే కాపలా తిరుగుతాయి. ఆ ఎరుపు మీద కప్ప వేస్తే పెద్దది ఆకలితో కాదు, పిల్లలను కాపాడుకోవడానికి కొడుతుంది. గురి తప్పదు. గాలం వేసేవాళ్లందరికీ తెలిసిన కిటుకు ఇది. నేను దాని మీద ఒక వీడియో కూడా చేశాను, దేవుడా, అదీ చూశారు వాళ్లు. కాపలా పోయాక ఆ పిల్లలు మిగతా చేపలకు పలహారం.

"ఒక్క గాలం, ఒక్క చేప అన్నవు గదా. గీ ఎర్రటియి ఎన్ని ఉంటయో లెక్క చెప్పు" అన్నాడు తాత.

వెనక నుంచి ఎవరో, "వదిలేసినవా నిజంగ?" అని అడిగారు. నేను చెప్పుల వైపు చూసుకున్నాను. ఆ రోజు మా ఆవిడ చింతపులుసు పెట్టింది, మా అత్తగారింటికి కూడా ఒక గిన్నె పంపాం.

పెళ్లిచూపుల్లో కూడా అంత చెమట పట్టలేదు నాకు.

ఆ తర్వాత అంతా పావుగంటలో అయిపోయింది. సొసైటీ నాకు పెట్టిన షరతులు ఇవి. జూలై, ఆగస్టులో గాలం వేయొద్దు. ఎర్ర గుంపు కనిపిస్తే ఆ దరికే పోవద్దు. కిలో లోపు కొర్రమీనును వదిలేయాలి. మూడు కొక్కేల గాలం బంద్, ఒంటి గాలమే, దానికీ చేప జారిపోకుండా కొన దగ్గర ఉండే ముల్లు నొక్కేయాలి. రాత్రి అలివి కనిపిస్తే ప్రెసిడెంట్‌కు ఫోన్ చేయాలి. ఏడాదికి ఐదు వందలు, నోట్‌బుక్ చింపిన కాగితం మీద రసీదు. మొత్తం తిరుగుడులో నాకు దొరికిన పనికొచ్చే కాగితం అదొక్కటే. నా బ్యాగులో ఎప్పుడూ ఉండే కటింగ్ ప్లేయర్ తీసి, పెట్టెలో ఉన్న ఇరవై గాలాల ముళ్లూ అక్కడే కూర్చొని నొక్కేశాను. పిల్లలు చుట్టూ చేరి లెక్కపెట్టారు. నాలుగు విరిగాయి.

మన గాలం బ్యాచీ వాళ్లకు ఒక మాట. ముల్లు నొక్కితే చేప తప్పించుకుంటుందని ఏడవకండి, లైను బిగువుగా పెడితే తప్పించుకోదు. హైదరాబాద్ నుంచి కార్లలో వచ్చి ఎర్ర గుంపుల మీద వీడియోలు తీసేవాళ్లను చూస్తే నాకిప్పుడు ఒళ్లు మండుతోంది. నాకా హక్కు లేదంటారా, సరే, వీడియో డిలీట్ చేశాకే మాట్లాడుతున్నాను.

రాడ్డు ఇచ్చేటప్పుడు చూస్తే రీలు పిడి తుప్పు పట్టింది, లైను చిక్కుపడి కాకి గూడులా ఉంది. మూడు నెలలు ఎవరింటి చూరులోనో ఉన్నట్టుంది, పొగ వాసన. "సెప్టెంబర్ల రా సారూ" అన్నాడు తాత. ఇప్పుడు అది షాపులో వైరు బండిళ్ల వెనక ఉంది. ఇందాకే ఆఫీసు నుంచి ఫోన్. అర్జీ మీద ఫొటో ఊడిపోయిందట, ఇంకో రెండు తెచ్చివ్వమంటున్నారు.