దారానికి గుచ్చినంత మాత్రాన నగ అయిపోదు: కస్టమ్స్‌లో నా అనుభవం

సరుకు నిన్న చేతికి అందింది. కోపం పూర్తిగా చల్లారకముందే రాసేస్తున్నాను. నెల పోయాక రాస్తే అందరి గురించీ మర్యాదగా రాస్తాను, అది ఎవరికీ పనికిరాదు.

నేను చేతిపనుల సామాను అమ్ముతాను. ఇదివరకు దిగుమతిదారుల దగ్గర కొనేదాన్ని. ఈసారి నేరుగా నా పేరు మీదే తెప్పించుకున్నాను: గాజు పూసలు, ఊలు, మోడలింగ్ క్లే, ఎంబ్రాయిడరీ కిట్లు, లోహపు కొక్కేలు. ఇవన్నీ షాపులో ఒకే అరలో ఉంటాయి కాబట్టి టారిఫ్‌లో, అంటే ఏ వస్తువుకి ఏ కోడ్, ఎంత డ్యూటీ అని చెప్పే కస్టమ్స్ పట్టికలో కూడా 'క్రాఫ్ట్ సామాను' అని ఒక కోడ్ ఉంటుందనుకుంటారు చాలామంది. అలాంటిదేమీ లేదు. వస్తువు దేనితో చేశారు, మన గుమ్మంలోకి ఏ రూపంలో వచ్చింది అన్నదే ముఖ్యం. పూస గాజుదైతే 7018, ప్లాస్టిక్‌దైతే 3926, చెక్కదైతే 4421, ఇత్తడి లాంటి మామూలు లోహానిదైతే 8308. కొనేవాళ్లకి నాలుగూ పూసలే. కస్టమ్స్‌కి నాలుగు వేరే వస్తువులు.

ఈ నంబర్లు ఏ ఒక్క దేశమో పెట్టుకున్నవి కావు. బ్రసెల్స్‌లోని ప్రపంచ కస్టమ్స్ సంస్థ చూసుకునే హార్మనైజ్డ్ సిస్టమ్‌లోవి. 1988 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. మొదటి ఆరు అంకెలు దాన్ని పాటించే దేశాలన్నిటికీ ఉమ్మడి. ఆ తర్వాతి అంకెలూ, డ్యూటీ శాతమూ ఏ దేశానికి ఆ దేశం పెట్టుకుంటుంది. అందుకే సప్లయర్ పంపిన కోడ్‌లో ఆరు అంకెల తర్వాత ఉన్నదాన్ని పట్టించుకోవద్దు. ఆ మొదటి ఆరు కూడా గుడ్డిగా నమ్మొద్దు, సొంతంగా చూసుకోండి.

ఊలుతో ఇబ్బంది రాలేదు. ఉండ బరువు చూసుకుంటే చాలు. టారిఫ్‌లో దారాలు, బట్టలకి సంబంధించిన సెక్షన్ 11లో నాలుగో నోట్ ప్రకారం ఇలాంటి దారం ఉండలుగా, చిలపలుగా ఉన్నప్పుడు, 2,000 డెసిటెక్స్ (దారం లావుకి కొలత) కంటే సన్నదైతే 125 గ్రాముల దాకా, అంతకంటే లావుదైతే 500 గ్రాముల దాకా రిటైల్ అమ్మకానికి సిద్ధం చేసినట్టు లెక్క. నావి 100 గ్రాముల ఉండలు, కాబట్టి 5109. అదే ఊలు కిలో కోన్లుగా తెప్పిస్తే వేరే హెడింగ్‌కి, అంటే వేరే నాలుగంకెల కోడ్‌కి పోతుంది. క్లే 3407 కింద ఎవరూ నోరెత్తకుండా వెళ్లిపోయింది. కిట్లకి 6308 అని విడిగా చోటుంది, కాకపోతే ప్యాక్‌లో నేసిన గుడ్డ, దారం రెండూ ఉండాలి. ఊలూ సూదులూ మాత్రమే ఉన్న అల్లిక కిట్ అందులోకి రాదు. కొక్కేలకి 8308.

ఇక పూసలు.

చిన్న గాజు పూసలు విడిగా సంచుల్లోనూ వస్తాయి, దారానికి గుచ్చి కూడా వస్తాయి. నావి గుచ్చినవి. పన్నెండు దారాలు కలిపితే ఒక కట్ట. చివర్లో ఒక ముడి, అంతే. ఆ దారం ఎంత నాసిదంటే గట్టిగా లాగితే తెగుతుంది. పూసలు దొర్లిపోకుండా, లెక్కకి వీలుగా ఉండటానికి తప్ప ఇంకెందుకూ పనికిరాదు. సప్లయర్ మాత్రం ఇన్‌వాయిస్‌లో 'జ్యువెలరీ బీడ్స్, స్ట్రాండ్స్' అని రాసి పంపాడు. గాజు అన్న మాటే లేదు. డిక్లరేషన్ వేయకముందే ఆ వివరణ మార్పిద్దామని నేను అంటే, కస్టమ్స్ పనులు చూసిపెట్టే మా ఏజెంట్ గారు, "అక్కర్లేదండీ, వాళ్లకి అన్నీ తెలుసు" అన్నారు.

తెలిసింది సరే. 7018 అని వేసిన దానికి ప్రశ్న వచ్చింది: ఇది 7117, అంటే ఇమిటేషన్ జ్యువెలరీ ఎందుకు కాదో చెప్పండి అని. మా దగ్గర ఈ రెండిటికీ డ్యూటీ ఒకటి కాదు. 7117 కింద పడితే ఈ సరుకు మీద నాకు మిగిలేదంతా అక్కడే ఊడ్చుకుపోతుంది.

ఆఫీసుకి వెళ్లాను. నమూనా కోసం తీసిన కట్ట ఆఫీసర్ టేబుల్ మీదే ఉంది. ఆయన అందులోంచి ఒక దారం లాగి, మెడలో ఐడీ కార్డు ట్యాగ్ పక్కన వేలాడేసుకుని, "మేడమ్, ఇది మెడలో పడిందా లేదా?" అన్నాడు. పక్క టేబుల్ వాళ్లు తలెత్తి చూశారు. ఆయన వాళ్ల వైపు తిరిగి, "చూడండి, ఇది దండ కాదట" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు మండింది అందుకు కాదు. నా వెనక నిలబడ్డ మా ఏజెంట్ కూడా నవ్వాడు. నా దగ్గర ఫీజు తీసుకున్న మనిషి, నా ఫైల్ చేతిలో పట్టుకుని, నన్ను చూసి నవ్వాడు.

నేను ఏదో చెప్పబోయాను. "మీరు వీటితో ఏం చేస్తారు?" అని అడిగాడు ఆఫీసర్. అమ్ముతానన్నాను. "కొన్నవాళ్లు ఏం చేస్తారు?" దండలు, చెవి రింగులు, బట్టల మీద పని, ఏదైనా చేస్తారన్నాను. "మరింకేం, దండలే కదా" అని ఫైల్ పక్కన పెట్టేశాడు. చొక్కాకి గుండీలు తెప్పిస్తే చొక్కా డ్యూటీ వేస్తారా? గుండీలకి 9606 అని సొంత హెడింగే ఉంది. ఈ మాట నాకు మెట్లు దిగుతుంటే తట్టింది. మంచి జవాబులెప్పుడూ మెట్ల దగ్గరే తడతాయి.

బయటికొచ్చాక ఏజెంట్ సలహా: "కట్టేద్దామండీ. వాళ్లతో వాదన మనకెందుకు? డెమరేజ్ ఎక్కుతోంది." డెమరేజ్ అంటే సరుకు విడిపించడం ఆలస్యమైన కొద్దీ పెరిగే రుసుము. ఈ సలహా విని కట్టేసేవాళ్లు ఎంతమందో! ఒకసారి నోరు మూసుకుని 7117 కింద కట్టారంటే, పై సరుకు వచ్చినప్పుడు 'పోయినసారి ఒప్పుకున్నారుగా' అంటారు. అప్పుడు వాదించడం రెట్టింపు కష్టం. భయపడి కట్టే ప్రతివాడూ వెనక వచ్చేవాడి మెడకి ఒక ఉరి తగిలించి పోతున్నట్టే. నాకు ఈ విషయంలో ఏ ఏజెంట్ మీదా జాలి లేదు. వాళ్లకి రోజూ అదే కౌంటర్‌లో పని, ఆఫీసర్‌తో తగవు వాళ్లకి అక్కర్లేదు. డ్యూటీ కట్టేది మనం.

ఇంటికొచ్చి టారిఫ్ ముందేసుకుని కూర్చున్నాను. అది చదవడం అంత కష్టమేమీ కాదు, ఓపిక ఉంటే చాలు. ముందే ఆరు సాధారణ నియమాలున్నాయి. మొదటిదాని ప్రకారం సెక్షన్లకీ చాప్టర్లకీ ఉన్న పేర్లు వెతుక్కునే సౌకర్యానికి మాత్రమే. హెడింగ్‌లో రాసిన మాటలు, సెక్షన్, చాప్టర్ నోట్లు, ఇవే చట్టం. కాబట్టి మెడలో పడుతుందా అన్నది ప్రశ్నే కాదు. హెడింగ్‌లో ఏం రాశారన్నదే ప్రశ్న.

7018 మొదలే 'గాజు పూసలు' అని. తర్వాత కృత్రిమ ముత్యాలు, కృత్రిమ రాళ్లు, అలాంటి చిన్న గాజు వస్తువులు, ఇమిటేషన్ జ్యువెలరీ మినహా వాటితో చేసిన వస్తువులు అని సాగుతుంది. అంటే పూసకీ నగకీ మధ్య గీత ఆ హెడింగ్‌లోనే ఉంది. ఇటు 71వ చాప్టర్‌లో 11వ నోట్ ఇమిటేషన్ జ్యువెలరీ అంటే ఏమిటో చెబుతూ 9వ నోట్ వైపు చూపిస్తుంది. అందులో ఒంటికి పెట్టుకునే అలంకార వస్తువులని ఉంగరాలు, గాజులు, నెక్లెస్‌లు, బ్రోచ్‌లు, చెవి రింగుల ఉదాహరణలిచ్చారు. అన్నీ తయారైన వస్తువులే. అన్నిటికంటే పనికొచ్చింది ఇంకోటి: అసలైన నగల హెడింగ్ 7113లో 'నగలు, వాటి భాగాలు' అని ఉంది. 7117లో 'భాగాలు' అన్న మాట లేదు. కావాలనుకుంటే రాసేవాళ్లే, నాలుగు హెడింగ్‌ల ముందు రాశారుగా. ఇంకో పక్క 8308లో నగలకి వాడే కొక్కేలని జ్యువెలరీ పేరుతో సహా రాశారు. నగకి వాడే కొక్కెం నగ కానప్పుడు, నగకి వాడే పూస నగెలా అవుతుంది?

ఇవన్నీ హెడింగ్ నంబర్లు, నోట్ నంబర్లతో ఒక పేజీ ఉత్తరంగా రాశాను. సప్లయర్ చేత ఇన్‌వాయిస్‌కి సవరణ పంపించాను: 'గాజు పూసలు, రవాణా కోసం తాత్కాలికంగా దారానికి గుచ్చినవి, ఒకే సైజు, కొక్కెం లేదు'. మళ్లీ వెళ్లినప్పుడు ఏజెంట్‌ని బయటే కూర్చోమన్నాను.

ఆఫీసర్ ఉత్తరం చదివాడు. ఈసారి నవ్వలేదు. 70వ చాప్టర్ ఒకటో నోట్ తీసి, 71వ చాప్టర్ కిందకొచ్చేవి ఇక్కడ రావని చూపించాడు. నిజమే, ఉంది. కానీ అది 71 కిందకి వచ్చిన తర్వాత సంగతి, అసలు వచ్చిందా అన్నదే కదా తగువు అన్నాను. అప్పుడు ఆయన అసలు అస్త్రం తీశాడు: నియమం 2(ఎ). అసంపూర్తి వస్తువుకైనా పూర్తయినదాని ముఖ్య లక్షణం వచ్చేసి ఉంటే, పూర్తయినట్టే వర్గీకరించాలి. కొక్కెం పెడితే దండే కదా అని. తీసిపారేసే వాదన కాదది. పూసలు నడుమ పెద్దవి, అటూ ఇటూ చిన్నవిగా వరసలో పేర్చి, గట్టి తీగకి గుచ్చి ఉంటే నేనే ఓడిపోయేదాన్ని.

"కత్తెరుందా సార్?" అన్నాను. డ్రాయర్‌లోంచి తీసిచ్చాడు. ముడి దగ్గర దారం కత్తిరించాను. పూసలు జరజరా టేబుల్ మీదికి జారి, స్టాంపు ప్యాడ్ చుట్టూ చేరాయి, కొన్ని కీబోర్డు సందుల్లోకి పోయాయి. "కొన్నవాళ్లు మొదట చేసే పని ఇదే సార్. మొదటి పూస నుంచి ఆఖరి పూస దాకా ఒకటే సైజు, ఒకటే రంగు. ఈ దారంతో ఎవరూ మెడలో వేసుకోరు" అన్నాను. ఆయన దారం ముక్క తీసుకుని రెండు చేతులతో లాగి చూశాడు. తెగింది. ఇంకో కట్టలోంచి ఒక దారం తీసి అదీ లాగాడు. అదీ తెగింది. ఉత్తరం మీద ఏదో రాసుకుని పై అధికారికి పంపాడు. ఆవిడ పెద్దగా ప్రశ్నలేం అడగలేదు. 7018 హెడింగ్ మొత్తం పైకి చదివి, 7018.10 సరిపోతుందని సంతకం పెట్టారు. సారీ అన్న మాట ఎవరి నోటా రాలేదు, నేనూ ఎదురుచూడలేదు. కీబోర్డులో ఇరుక్కున్న పూసలు మాత్రం ఆఫీసుకే వదిలేశాను.

తర్వాతంతా మామూలే. డ్యూటీ కట్టడం, గేట్ పాస్, లారీ.

ఏజెంట్ నాకు చెప్పని సంగతులు రెండున్నాయి, మీరైనా అడగండి. ప్రపంచ వాణిజ్య సంస్థ వాణిజ్య సౌలభ్య ఒప్పందం 2017 ఫిబ్రవరి 22 నుంచి అమల్లో ఉంది. డ్యూటీ ఎంతో తేలకముందే హామీ పెట్టి సరుకు విడిపించుకునే పద్ధతి అందులో ఉంది. డెమరేజ్ బూచి చూపించి సంతకం పెట్టమన్నప్పుడు ముందు అడగాల్సింది దాని గురించే. రెండోది అడ్వాన్స్ రూలింగ్. సరుకు ఎక్కించకముందే నమూనా పంపి, దీని కోడ్ ఏమిటో లిఖితపూర్వకంగా చెప్పమని అడగొచ్చు. అదే మా ఏజెంట్ మొన్న ఫోన్ చేసి, వేరే ఎవరివో చెమ్కీలు వచ్చాయి, కోడ్ ఏమిటండీ అని అడిగాడు. ప్లాస్టిక్‌వా లోహానివా అన్నాను. చూడలేదట.

నేను ఈసారి రాతి పూసలు తెప్పిద్దామనుకుంటున్నాను, స్ఫటికం, అగేట్ లాంటివి. అక్కడ లెక్క వేరు. విలువైన రాళ్ల హెడింగ్ 7103లో గ్రేడ్ చేయని రాళ్లని రవాణా సౌకర్యం కోసం తాత్కాలికంగా గుచ్చితే ఫర్వాలేదని రాశారు, అంటే సైజులు ఏరి గుచ్చితే 7116 వైపు, అంటే అలాంటి రాళ్లతో చేసిన వస్తువుల వైపు పోయే ప్రమాదం ఉంది. గాజుకి నన్ను గెలిపించిన 'అన్నీ ఒకటే సైజు' అన్న మాటే ఇక్కడ నా మీదికి తిరగొచ్చు. అందుకని ఆర్డర్ ఇవ్వకుండా, రెండు రకాల నమూనాలు తెప్పించి, అడ్వాన్స్ రూలింగ్‌కి దరఖాస్తు నింపుతున్నాను. ఏజెంట్ సంతకం పెట్టాల్సిన గడి ఖాళీగా వదిలేశాను.