మెషీన్ వచ్చేసిందిగా!

రాత్రి భోజనాల దగ్గర తమ్ముడు అన్నాడు: “మెషీన్ వచ్చేసిందిగా, ఇంకేం? గంటలో అయిపోతుంది.” నన్ను సంతోషపెడదామనే అన్నాడు. అయినా ఆ మాట దగ్గరే ఆగిపోయాను. పదకొండు దాటింది, నిద్ర పట్టడం లేదు.

పొద్దుటి నుంచి నేను చేసింది ఒకే పని. పర్సుకి కావలసిన తోలు పట్టీల అంచు పలచన చేయడం. తోలు మందం 1.2 మిల్లీమీటర్లు. 12 మిల్లీమీటర్ల వెడల్పున అంచు 0.6కి దిగాలి. అప్పుడు మడిచి అతికిస్తే మళ్లీ 1.2 అవుతుంది, అక్కడ మడత ఉందని చేతికి కూడా తెలియదు. లెక్క ఇంతే. కానీ అంచు పలచన చేసే ఈ స్కైవింగ్ మెషీన్ నుంచి బయటికొచ్చిన ప్రతి పట్టీ మొదటి రెండు సెంటీమీటర్లు ఎలుక కొరికినట్టు ఉంది. మధ్యలో చక్కగా కోస్తుంది. చివరికొచ్చేసరికి 0.3కి పోతుంది, వేలితో లాగితే చిరుగుతుంది. ఇలా పదకొండు పట్టీలు. పదకొండూ మంచి తోలువే, చెత్త ముక్కలు అప్పటికే అయిపోయాయి.

తోలుని పైనుంచి నొక్కిపట్టే ప్రెస్సర్ ఫుట్ ఎత్తు మార్చాను. దాని వాలు మార్చాను. కింద తోలుని నెట్టే రాతి రోలర్‌ని కొంచెం పైకి తెచ్చాను, మళ్లీ దించాను. ఒక స్క్రూ సరిచేస్తే ఇంకోటి తప్పుతుంది, ఎందుకంటే అన్నీ ఒకదాని మీద ఒకటి ఆధారపడినవే. ఫుట్ వాలు మారితే మందం మారుతుంది. కత్తిని ముందుకు జరిపితే రోలర్‌కీ దానికీ మధ్య సందు మారుతుంది. ఆ సందు ఎక్కువైతే తోలు అందులోకి ముడుచుకుపోతుంది, అసలు లేకపోతే రోలర్‌కే కత్తి తగులుతుంది. మెషీన్‌తో వచ్చిన కాగితంలో బొమ్మ ఉంది, బాణం గుర్తులున్నాయి. దేని తర్వాత ఏది ముట్టుకోవాలో మాత్రం ఒక్క ముక్క లేదు. అమ్మినతను “ప్లగ్ పెట్టి వాడుకోవడమే” అన్నాడు. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది. నేర్పించక్కర్లేదు, కనీసం నేర్చుకోవాల్సింది ఉందని చెప్పొచ్చు కదా!

ఇది ఎంచుకోవడానికి నెల పట్టింది. ఆ నెలంతా నేను వేరే మాట మాట్లాడలేదని మీకు తెలుసు. బ్లేడు మార్చుకుంటూ చేత్తో లాగే చిన్నది తీసుకోనా, గుండ్రటి కత్తి తిరిగే ఈ బెల్ నైఫ్ మెషీన్ తీసుకోనా, పైనా కిందా రెండు వైపుల నుంచీ తోలుని నడిపే రకం తీసుకోనా అని. మూడోది మెత్తటి, సాగే తోళ్లకి బాగుంటుంది. నేను వాడేది గట్టి తోలు కాబట్టి కింద రోలర్ ఉన్నది చాలనుకున్నాను. ఆ నిర్ణయం సరైనదే. మోటారు విషయంలోనే తప్పు చేశానని ఇందాకటి దాకా అనుకున్నాను. కత్తికి ఒకటి, రోలర్‌కి ఒకటి, విడివిడిగా రెండు మోటార్లున్నది తీసుకోవాల్సింది. నా దాంట్లో రెంటికీ ఒకటే. భయపడి పెడల్ మెల్లగా తొక్కితే రోలర్‌తో పాటు కత్తి వేగమూ పడిపోతుంది. మెల్లగా తిరిగే కత్తి కోయదు, నములుతుంది. మొదటి రెండు సెంటీమీటర్ల దగ్గరే నా కాలు మెల్లగా ఉంటుంది మరి.

మెషీన్ కావాలని మొదట అనిపించింది బావగారి పర్సు చేసిన రోజు. నాలుగేళ్లవుతోంది. గాజు పలక మీద తోలు పరిచి, కత్తితో అంచంతా చేత్తోనే చెక్కాను. పొర పొరగా లేస్తుంటే ఎంత బాగుండేదో. ఉల్లిపొర కంటే పలచటి చుట్టలు గాజు మీద పడుతుండేవి. మూడు గంటలు పట్టింది. చివరి జేబు అంచు దగ్గర, ఇంకో రెండు లాగుడ్లయితే అయిపోతుందనగా, కత్తి దిగబడింది. గోరంత చిల్లు. వేరే తోలు లేదు, మర్నాడు పొద్దున్నే అక్క వస్తానంది. వెనకనుంచి చిన్న ముక్క అతికించి కుట్టేశాను. అక్క చూసింది, వేలు పెట్టి తడిమింది, “ఇదే ఇవ్వు” అని తీసుకెళ్లిపోయింది. పోయిన నెల బావగారు జేబులోంచి పర్సు తీస్తుంటే చూశాను. ఆయన బొటనవేలు సరిగ్గా ఆ అతుకు మీదే ఆనుతుంది. నాలుగేళ్లు రుద్దుకుని అక్కడొక్క చోటే తోలు నల్లబడి, నున్నగా మెరుస్తోంది. నాకు కళ్లు చెమర్చాయి. ఆయనకి ఏమీ చెప్పలేదు.

అలసటే దానికి కారణమని, మెషీన్ ఉంటే ఆ చిల్లు పడేది కాదని ఇన్నాళ్లూ అనుకున్నాను.

ఇప్పుడిది టైప్ చేస్తుంటే అనిపిస్తోంది, ఆ రోజు చివరి జేబు దగ్గరికి వచ్చేసరికి కత్తి మొద్దుబారింది. కోయకపోతే బలం పెట్టాను, బలం పెడితే దిగబడింది. ఆ తర్వాతే కదా నాకు ప్రతి జేబుకీ ఆగి కత్తి నూరే అలవాటు పట్టింది. నూరాక తోలు ముక్క మీద రెండు వైపులా రుద్దందే మొదలుపెట్టను. ఎందుకంటే రాయి తగిలిన వైపు పదునెక్కుతుంది, రెండో వైపుకి సన్నటి ఇనప పొర మడుచుకుంటుంది. ఆ పొర పోకపోతే నూరీ లాభం లేదు.

నిన్న మెషీన్‌లో ఉన్న రాయిని కత్తికి ఆనించి నూరాను. నిప్పురవ్వలు సన్నగా వచ్చాయి, పదునెక్కిందని ఆపేశాను. రెండో వైపు ముట్టుకోనే లేదు! చేతి కత్తికి ఒక్కసారి కూడా మర్చిపోని పని, గుండ్రంగా తిరిగే కత్తికి చేయాలని తోచనే లేదు.

ఇంతసేపూ తమ్ముడి మీద కోపంగా ఉంది. కానీ వాడన్నదే నేనూ నమ్మాను, అందుకే గుచ్చుకుంది. రెండు మోటార్ల మాట మాత్రం వెనక్కి తీసుకోను, అది ఉంటే నయమే.

ఇంతవరకూ రాసి, లేచి వెళ్లి చూసొచ్చాను. ప్లగ్ తీసే ఉంది. అయినా కత్తి నిలిచి ఉందని మరోసారి చూసుకున్నాను, ఎందుకంటే స్విచ్ ఆపాక కూడా అది చాలాసేపు తిరుగుతుంది, నున్నటి చుట్టు కాబట్టి తిరుగుతున్నట్టే కనపడదు. టార్చ్ వేసి, చిన్న దూది పింజ తీసుకుని అంచు వెంబడి ఆనించాను. రాయి తగిలే వైపు పింజ జారిపోయింది. రెండో వైపు పెట్టగానే పట్టేసుకుంది. కత్తిని చేత్తో కొంచెం కొంచెం తిప్పుతూ చుట్టూ చూశాను, ప్రతిచోటా తెల్లటి పోగులే.

రేపు అందరూ లేచాక, ఆ చప్పుడు ఎవరికీ ఇబ్బంది కాని టైంలో, ముందు ఆ పొర తీస్తాను. పన్నెండో పట్టీ సంగతి తర్వాత.