చిట్టా చించేస్తే గంజులు తిరిగి రావు

హనుమకొండలోని మా ఇంటి మేడమీది గదిలో పోయిన నెల పది రోజులు ఒక చిన్న లినక్స్ కెర్నెల్ మాడ్యూల్‌తోనే, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెలాంటి కెర్నెల్‌లోకి ఎక్కించి దించగల ముక్కతోనే గడిచాయి. ఒక పరికరం పంపే సమాచారాన్ని అది 256 రికార్డుల్లో దాచుకుంటుంది. ఒక్కో రికార్డు 256 బైట్లు. ఏ అంకెకు ఏ రికార్డో చెప్పే పట్టికగా 4.20 వెర్షన్‌తో కెర్నెల్‌లోకి వచ్చిన ఎక్స్‌అర్రేను వాడాను. మాడ్యూల్‌ను దించేటప్పుడు ఆ పట్టికను వదిలించే ఎక్స్‌ఏ_డిస్ట్రాయ్ అనే ఫంక్షన్‌ను పిలిచి, అంతా శుభ్రమైందనుకున్నాను.

రాత్రి పడుకునే ముందు దాన్ని 1,000 సార్లు ఎక్కించి దించే స్క్రిప్టు పెట్టి, పొద్దున లేచి మెమరీ లెక్కలు చూపే మెమ్‌ఇన్ఫో చూస్తే ఎస్‌అన్‌రిక్లెయిమ్, అంటే కెర్నెల్ తానుగా వెనక్కి రాబట్టుకోలేని మెమరీ, దాదాపు 66 మెగాబైట్లు పెరిగి ఉంది. మామూలు ప్రోగ్రామైతే అది ముగియగానే దాని మెమరీనంతా కెర్నెల్ వెనక్కి తీసుకుంటుంది. కెర్నెల్ తానే మరచిపోయిన మెమరీని మాత్రం యంత్రాన్ని రీబూట్ చేసేదాకా ఎవరూ అడగరు. ఇదే మెమరీ లీకు.

మా వీధి చివరి టెంట్ హౌస్‌లో, ఏ పెళ్లింటికి ఎన్ని గంజులు వెళ్లాయో ఒక చిట్టాలో రాసుకుంటారు. ఎక్స్‌అర్రే అలాంటి చిట్టాయే. ఎక్స్‌ఏ_డిస్ట్రాయ్ ఆ చిట్టా కాగితాలను, అంటే లోపలి నోడ్లను మాత్రమే వదిలిస్తుంది. అవి చూపే రికార్డుల జోలికి పోదు, ఎందుకంటే వాటిని ఎవరు కేటాయించారో, ఇంకెవరైనా వాడుకుంటున్నారో దానికి తెలియదు. ఇలాంటి పాత పట్టిక ఐడీఆర్‌ను వదిలించే ఐడీఆర్_డిస్ట్రాయ్ తీరూ అంతే. పేరులో డిస్ట్రాయ్ అని ఉండటమే నన్ను మోసగించింది. ఈ పేరు పెట్టినవారిపై నాకు కొంచెం కోపం ఇంకా ఉంది.

2009లో 2.6.31తో వచ్చిన కేమెమ్‌లీక్‌ను ఆన్ చేసి కెర్నెల్‌ను మళ్లీ కట్టాను. ఏ పాయింటరూ, అంటే మెమరీ చిరునామాను దాచుకున్న ఏ విలువా చూపని మెమరీ ముక్కలను అది వెతికి పెడుతుంది; మామూలుగా పది నిమిషాలకొకసారి, స్కాన్ అని రాస్తే అప్పటికప్పుడే. నివేదికలో 256 అనే పరిమాణం వరుసగా కనిపించింది. అందుకే దించే ఫంక్షన్‌లో ముందుగా క్యాన్సిల్_వర్క్_సింక్‌తో కొత్త రికార్డులు చేర్చే పనిని ఆపి, తర్వాత ఎక్స్‌ఏ_ఫర్_ఈచ్‌తో ఒక్కో రికార్డునూ కేఫ్రీ చేసి, అంటే దాని మెమరీని వెనక్కి ఇచ్చి, చివరకు చిట్టాను వదిలించాను. ఈ వరుస తప్పితే, మనం ఒకవైపు ఖాళీ చేస్తుంటే మరొకవైపు కొత్తవి చేరుతూనే ఉంటాయి.

అయినా ఇంకో 4 మెగాబైట్లు మిగిలాయి. 64 కిలోబైట్లను 1,000తో గుణిస్తే 62.5 మెగాబైట్లే కదా, మిగతాది ఎక్కడిదని నేను మొదటే అడగవలసింది. ప్రతి రికార్డులో, అక్షరాలకు కొత్త మెమరీలో నకలు తీసే కేస్ట్ర్‌డప్‌తో తెచ్చిన పేరు ఒకటుంది, దానికి 16 బైట్ల ముక్క. నివేదికలో 16 కూడా ఉంది, నా కన్నే 256 మీద నిలిచిపోయింది. రికార్డును వదిలిస్తే దానిలోని పాయింటరు పోతుంది కానీ అది చూపే పేరు పోదు. కాబట్టి పేరును, ఆపై రికార్డును వదిలించే ఒకే ఫంక్షన్ రాసి, అన్నిచోట్లా దాన్నే పిలిచాను.

చివరి లీకు మామూలు పరీక్షలో దొరికేది కాదు. మెమరీ కేటాయింపులు కావాలని విఫలమయ్యేలా చేసే ఫెయిల్‌స్లాబ్‌ను పెట్టినప్పుడే, పొరపాటు వచ్చినప్పుడు నడిచే దారి బయటపడింది. అక్కడ కోబ్జెక్ట్‌ను, అంటే కెర్నెల్ తనలోని వస్తువులకు పేరూ వాడకందార్ల లెక్కా ఉంచుకునే నిర్మాణాన్ని, నమోదు చేసే కోబ్జెక్ట్_ఇనిట్_అండ్_యాడ్ విఫలమైతే నేను నేరుగా కేఫ్రీ చేస్తున్నాను. విఫలమైనా అప్పటికే కోబ్జెక్ట్ తన పేరు కోసం మెమరీ తీసుకుని ఉండవచ్చు. అందువల్ల కోబ్జెక్ట్_పుట్‌నే పిలవాలి, అది మనం ఇచ్చిన రిలీజ్ ఫంక్షన్ ద్వారా మిగతాదాన్నీ, ఆపై ఆ పేరునూ వదిలిస్తుంది. ఆ ఒక్క పంక్తి మార్చి, అదే 1,000 విడతల స్క్రిప్టును మరో రాత్రి నడిపాను. పొద్దున చూస్తే పెరిగింది ఒక మెగాబైటు కూడా లేదు, కేమెమ్‌లీక్ నివేదిక ఖాళీగా ఉంది.