ఎర్ల్స్‌ఫీల్డ్ మట్టినేల, సౌతాల్ బస్సు

లండన్‌లో ఎర్ల్స్‌ఫీల్డ్ అనే చోట ఉన్న తారా థియేటర్‌లో రంగస్థలం నేల మట్టిది. మన పల్లెల్లో ఆరుబయట ఆడే నాటకాలను తలచుకుంటూ, 2016లో భవనాన్ని తిరిగి కట్టినప్పుడు అలా వేయించారు. వంద సీట్ల చిన్న హాలు. వలస వచ్చిన కుటుంబాల పిల్లలు లండన్‌లో తమకంటూ ఇలాంటి చోటు నిలబెట్టుకున్నారని నాకు అంతవరకు తెలియదు.

హౌన్‌స్లోలో మా అమ్మాయి ఇంటి నుంచి రైల్లో క్లాఫమ్ జంక్షన్ వచ్చి, అక్కడ మారితే తర్వాతి స్టేషనే. ఇద్దరికీ నాటకం టికెట్లు, రైలు ఛార్జీలు కలిపి ఆరు వేల రూపాయల పైమాటే. "అన్నీ రూపాయల్లో లెక్క వేయకమ్మా" అంటుంది మా అమ్మాయి. వేయకుండా ఎలా ఉంటాను? ఆ రోజు ఆడింది తల్లీకూతుళ్ల కథ. నటన బాగుంది, కథ మామూలే. కానీ ఆ సంస్థ ఎలా పుట్టిందో మా అమ్మాయి తిరుగు ప్రయాణంలో చెప్పింది. అది విన్నాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

1976 జూన్ 4న పశ్చిమ లండన్‌లోని సౌతాల్‌లో గుర్దీప్ సింగ్ చగ్గర్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రాణ్ణి తెల్లవాళ్ల ముఠా ఒకటి పొడిచి చంపింది. ఆ చావు చూసి కడుపు మండిన కొందరు ఆసియా యువకులు మరుసటి సంవత్సరం తారా ఆర్ట్స్ పెట్టారు, అదే ఇప్పటి తారా థియేటర్. వాళ్లకు ముందు నిలిచిన జతీందర్ వర్మ నైరోబీలో పెరిగి, 1968లో పద్నాలుగేళ్ల వయసులో లండన్ వచ్చినవాడు. మొదటి నాటకంగా వాళ్లు ఎంచుకున్నది టాగోర్ 'విసర్జన్'. కాళికాలయంలో జంతుబలి గురించిన కథ. దేవుడి పేరుతో ఇంత రక్తం ఎందుకని అడిగే నాటకం. కళ్ల ముందు హత్య జరిగినప్పుడు వాళ్లు వీధిలో నినాదాలతో ఆగిపోకుండా ఆ ప్రశ్నను రంగం మీదికి తెచ్చారు.

ఇక సౌతాల్ చూడాల్సిందే అనిపించింది. హౌన్‌స్లోలో 120 నంబర్ బస్సు ఎక్కాను. వాన, దారిలో ఎక్కడో రోడ్డు తవ్వారు, బస్సు అంగుళం అంగుళం కదులుతోంది. పక్క సీట్లో డెబ్బై దాటిన సర్దార్‌జీ. నా గుంటూరు హిందీలోనే మాట కలిపాను. హీత్రూలో పనిచేసి రిటైరయ్యాడట. చగ్గర్ పేరు ఎత్తగానే ఆయన నావైపు పూర్తిగా తిరిగి కూర్చున్నాడు.

"బెహన్‌జీ, ఆ పేరు మీకెలా తెలుసు?"

నాటకం సంగతి చెప్పాను. తారా గురించి ఆయనకేమీ తెలియదు. కానీ ఆ జూన్ తెలుసు. "మా పెద్దవాళ్లు తల వంచుకుని పనిచేసుకోండి, గొడవలొద్దు అనేవాళ్లు. మేం వినలేదు. రెండు రోజులకే పోలీస్ స్టేషన్‌కి నడిచాం." బస్సు ది గ్రీన్ అనే వీధికి వచ్చాక డొమినియన్ సెంటర్‌ను కిటికీలోంచి చూపించాడు. అప్పట్లో అక్కడ డొమినియన్ సినిమా హాలు ఉండేదట, చగ్గర్‌ను చంపింది దాని దగ్గరేనట. తర్వాత ఆయన దిగాల్సిన స్టాపు దాటిపోయినా దిగలేదు. మూడేళ్లకు, 1979 ఏప్రిల్‌లో, అదే సౌతాల్‌లో జాత్యహంకారులకు వ్యతిరేకంగా జరిగిన నిరసనలో బ్లెయిర్ పీచ్ అనే టీచరు చనిపోయిన సంగతి కూడా చెప్పి అప్పుడు దిగాడు. ఆ రోజు సౌతాల్‌లో నేనింకేం కొన్నానో, ఏం తిన్నానో సరిగా గుర్తు లేదు.

పొన్నెకల్లు నాజర్ గారి బుర్రకథ గురించి మా నాన్న కథలు కథలుగా చెప్పేవారు. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి బెంగాల్ కరువును, జమీందారీ దౌర్జన్యాన్ని బుర్రకథలు కట్టి ఊరూరా చెప్పింది. అక్షరం రాని రైతు కూడా కూర్చుని వినేవాడు. ఆ విద్య మనది. మనం సముద్రం దాటేటప్పుడు కూచిపూడిని వెంట తీసుకెళ్లాం, దీన్ని మాత్రం వదిలేసి వెళ్లాం. నేను లండన్‌లో ఉన్నప్పుడే అక్కడి తెలుగువాళ్ల ఉగాది వేడుకకు వెళ్లాను. పిల్లల నృత్యాలు, సినిమా పాటలు, ఒక కామెడీ స్కిట్. పిల్లలు చక్కగా చేశారు, నాకు సంతోషమే. కానీ ఆ హాల్లోనే వృద్ధులను, రోగులను చూసుకునే కేర్ వర్కర్ పని వీసా కోసం ఏజెంట్లకు లక్షలు పోసి, వచ్చాక పని దొరక్క అప్పుల్లో మునిగిన కుర్రవాళ్లు వంట దగ్గర వడ్డన చేస్తున్నారు. వాళ్ల గోడు వేదిక ఎక్కలేదు.

కులం మాట అసలే ఎక్కదు. తమాషా అనే మరో లండన్ సంస్థ 1989లో తన మొదటి నాటకంగా అంటరానితనం మీద ముల్క్‌రాజ్ ఆనంద్ రాసిన నవల 'అన్‌టచబుల్'ను ఆడింది. కులవివక్షను సమానత్వ చట్టంలో నేరుగా చేర్చమని బ్రిటన్‌లో ఏళ్ల తరబడి అడిగారు, 2018లో ప్రభుత్వం చేర్చబోమని తేల్చేసింది. ఇది మన ఇళ్ల సంగతే. శాస్త్రీయ నృత్యంలో ఇవన్నీ కుదరవని ఒకావిడ నాతో వాదించారు. ఎందుకు కుదరవు? కథక్ నేర్చిన లండన్ కుర్రాడు అక్రమ్ ఖాన్, మొదటి ప్రపంచ యుద్ధంలో తెల్లదొరల కోసం కందకాల్లో పోరాడిన భారతీయ సిపాయి బాధను 2018లో నృత్యం చేశాడు. ఆ యుద్ధానికి మన దేశం నుంచి వెళ్లినవాళ్లు 10 లక్షలకు పైనే.

మా అమ్మాయి ఇంటి పైగదిలో ముగ్గురు విద్యార్థులు అద్దెకుంటారు. ఇవన్నీ చెబుతుంటే వాళ్లలో ఒకబ్బాయి, ఏజెంటు చేతిలో మోసపోయినవాడే, "ఆంటీ, బుర్రకథకు ఎంతమంది కావాలి?" అన్నాడు. తంబురాతో కథకుడు, డక్కీలతో ఇద్దరు వంతలు, ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం అని చెప్పాను. ముగ్గురూ కూర్చుని వచ్చే ఉగాదికి ఇరవై నిమిషాల కథ రాయడం మొదలుపెట్టారు. కథకుడు, హాస్యపు వంత కుదిరారు. రాజకీయపు వంతకు మిగిలినవాడు మాత్రం, ఏజెంటు పేరు వేదిక మీద చెబితే తన వీసాకు ఇబ్బంది వస్తుందేమోనని భయపడుతున్నాడు. పేరు చెప్పకుండా అందరికీ అర్థమయ్యేలా ఎలా రాయాలో నేను వెనక్కి వచ్చేదాకా ఫోన్లో కాపీలు మారుస్తూనే ఉన్నారు.